అక్క బీరువా, కూతురి కత్తెర

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 39. ఒక ప్రైవేటు ఆఫీసులో లెక్కలు చూస్తారు. గుంటూరులో ఉండే ఆమె అక్క, ఒక్కగానొక్క తోబుట్టువు, పద్నాలుగు నెలల క్రితం రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయారు. అప్పటికి అక్కకు 43.

ఇద్దరికీ చిన్నప్పటి నుంచీ బట్టల పిచ్చి. నాన్నగారు వన్ టౌన్ వస్త్రలతలో ఒక హోల్‌సేల్ కొట్లో గుమాస్తా. గుడ్డ తానుల చివర మిగిలిన ముక్కలు, చిన్న మచ్చ పడి పక్కన పెట్టిన కట్ పీసులు ఇంటికి తెచ్చేవారు. అక్కాచెల్లెళ్ళు వాటిని నేల మీద పరిచి, దేని పక్కన ఏది నప్పుతుందో గంటలు గంటలు చూసుకునేవాళ్ళు. అక్క తొమ్మిదో తరగతిలో ఉండగా స్కూలు వార్షికోత్సవానికి అమ్మ వాయిలు చీర చెప్పాపెట్టకుండా కత్తిరించి, తనకి ఓణీ, చెల్లెలికి గౌను కుట్టేసింది. ఇద్దరి వీపులూ మోగాయి. ఆ బట్టల్లో తీయించుకున్న ఫోటో మాత్రం ఇప్పటికీ అమ్మ ఇంట్లో గోడకే ఉంది.

పెళ్ళిళ్ళయ్యాక ఒకరు గుంటూరు, ఒకరు బెజవాడ. మధ్యలో మంగళగిరి ఉంది కాబట్టి అక్కడే కలుసుకునేవాళ్ళు. మగ్గాలున్న వీధులు తిరిగి, చీరలు చూసి, కొండ కింద పానకం తాగి ఎవరి బస్సు వాళ్ళు ఎక్కేవాళ్ళు. బంధువుల్లో ఎవరి పెళ్ళయినా పెళ్ళికూతురికి చీర కట్టడం, నగ ఎంచడం అక్క పనే. ఈమె ఎక్కడికి బయల్దేరినా అద్దం ముందు ఫోటో తీసి అక్కకి పంపేది. జవాబు వాయిస్ మెసేజ్‌లో వచ్చేది. ‘ఆ గొలుసు తీసెయ్యవే, చెవులకి పెద్దవి పెట్టు చాలు’, ‘ఆ జాకెట్ ఏంటే, హెడ్మాస్టరమ్మలా ఉన్నావు’. కీమోకి జుట్టు ఊడిపోయాక కూడా, కలంకారీ స్టోల్‌ని తలకి ఎన్ని రకాలుగా చుట్టుకోవచ్చో ఆసుపత్రి మంచం మీద నుంచే వీడియోలు తీసి పంపిందట.

ఇప్పటి సంగతి ఇది. అక్క బీరువాలో నూట ఇరవై దాకా చీరలున్నాయి. బావగారు ఉగాదికి ఇల్లు మారుతున్నారు. ‘నీకు కావలసినవి తీసుకెళ్ళమ్మా, మిగతావి ఏదన్నా ఆశ్రమానికి ఇచ్చేస్తాను’ అన్నారు. అది విన్నప్పటి నుంచి ఆయన మీద కోపం. మాఘమాసంలో బాబాయి గారబ్బాయి పెళ్ళి ఉంది, దానికి అక్క ధర్మవరం చీర కట్టుకోవాలని ఈమె కోరిక. ‘పోయినదాని చీర పెళ్ళిలోకా?’ అని అమ్మ కంటతడి పెట్టింది. అది మూఢనమ్మకం అని ఈమె రాశారు. బ్రాడీపేటలో అక్కకి కుట్టే టైలర్ ఫోన్ చేసి, ఒక కుట్టిన జాకెట్టూ, కొలత కోసం ఇచ్చిన అక్క ఆది జాకెట్టూ తన దగ్గర ఉండిపోయాయని చెప్పాడు. వెళ్ళాలా వద్దా తేలడం లేదు. ఆఫీసులో ఒకావిడ తన కూతురి పెళ్ళికి చీర కట్టమని రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ కాదన్నారు. తను మాత్రం ఏడాదిగా నాలుగే కుర్తాలు మార్చి మార్చి వేసుకుంటున్నారు. ‘రంగు ముట్టుకుంటే తప్పు చేస్తున్నట్టుంది. అయినా అప్పుడప్పుడు ఫోటో తీసి అక్క నంబరుకే పంపిస్తాను. ఒకే టిక్కు పడుతుంది. నాకు పిచ్చి పడుతోందా?’ అని అడిగారు.

అంతా రాశాక చివర్లో, ఊరికే గుర్తొచ్చినట్టు ఇంకో సంగతి చెప్పారు. అక్క కూతురికి పద్దెనిమిది, డిగ్రీ మొదటి సంవత్సరం. కాలేజీ ఫ్రెషర్స్ డేకి వాళ్ళమ్మ నెమలికంఠం రంగు మంగళగిరి చీర కత్తిరించి టాప్, స్కర్టు కుట్టించుకుంది. అక్కాచెల్లెళ్ళు ఆఖరిసారి మంగళగిరిలో కలిసినప్పుడు కొన్న చీర అది. ‘అంచు మెడ చుట్టూ తిప్పింది, చేతులకి కలంకారీ ముక్క అతికించింది, కొంగొకటి మిగిల్చింది, అంతే’ అని రాశారు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆ ఫోటో చూసి ఫోన్ చేసి, ‘అది చీర కాదే, మీ అమ్మ. నీకసలు మనసుందా?’ అన్నారు. ఆ పిల్ల అప్పటి నుంచి ఈ పిన్నితో మాట్లాడడం లేదు.

సమాధానం:

మీరడిగినవన్నీ చీరల గురించీ, జాకెట్ల గురించీ. అన్నిటికీ నాకు తోచింది చెబుతాను. కానీ మీ ఉత్తరంలో అన్నిటికన్నా బరువైనది ఆఖరి పేరాలో ఉంది. దాన్ని మీరు ప్రశ్నగా కూడా అడగలేదు.

ముందు మీ సంగతి. మీకు పిచ్చి పట్టలేదు. అక్క పోతే పలకరించడానికి వచ్చినవాళ్ళు బావగారి భుజం పట్టుకుంటారు, పిల్లని దగ్గరికి తీసుకుంటారు, అమ్మ పక్కన కూర్చుని ఏడుస్తారు. చెల్లెలికి మాత్రం ‘నువ్వే ధైర్యంగా ఉండాలమ్మా, అమ్మని చూసుకో’ అని పని అప్పజెప్పి వెళతారు. పెళ్ళై ఇద్దరి ఇంటిపేర్లూ మారిపోయాక, చాలా ఇళ్ళల్లో మైల రోజుల లెక్కలో కూడా అక్కాచెల్లెళ్ళకి దగ్గరితనం తగ్గిపోతుంది. పుట్టినప్పటి నుంచీ మిమ్మల్ని చూసిన మనిషి, మీ నడుము కొలతా మీ మొండితనమూ రెండూ తెలిసిన మనిషి పోయింది. ఆ నష్టానికి ఎవరూ పెద్ద పీట వేయలేదు. అందుకే ఇప్పుడు దాని బరువంతా బీరువా మీద పెట్టారనిపిస్తోంది.

పోయినవాళ్ళతో మాట్లాడడం, వాళ్ళకి చూపించాలనుకోవడం జబ్బేమీ కాదు. ఒకప్పుడు ‘మర్చిపోయి ముందుకు పోవాలి’ అనేవాళ్ళు. దుఃఖాన్ని అధ్యయనం చేసే మానసిక శాస్త్రవేత్తలు 1990ల నుంచి ఆ మాట చాలావరకు సడలించారు. పోయినవాళ్ళతో బంధం వేరే రూపంలో కొనసాగడం మామూలే అంటున్నారు. అయితే ఆ ఫోటోల విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. రీఛార్జ్ ఆగిపోయి రద్దయిన నంబరుని కంపెనీలు కొన్నాళ్ళకి వేరేవాళ్ళకి ఇచ్చేస్తాయి, రూల్ ప్రకారం తొంభై రోజులు ఆగితే చాలు. ఒకరోజు పొద్దున్నే అక్క పేరు పక్కన ఎవరో తెలియనివాళ్ళ డీపీ కనిపించవచ్చు. ఒంటరిగా ఉన్నప్పుడు అది చూస్తే తట్టుకోవడం కష్టం. మీ ఫోటో ఒక కొత్త మనిషి ఫోన్‌లోకి పోవడం అంతకన్నా ఇబ్బంది. ఈ ఆదివారమే ఆ చాట్ తెరిచి, ‘ఎక్స్‌పోర్ట్ చాట్’ నొక్కి, వాయిస్ మెసేజ్‌లతో సహా మీ మెయిల్‌లోనో డ్రైవ్‌లోనో దాచుకోండి. మీకు బాగా ఇష్టమైన వాయిస్‌లు విడిగా కూడా పెట్టుకోండి, పెద్ద చాట్ అయితే పాతవి కొన్ని అందులోకి రాకపోవచ్చు. ఇక ముందు ఫోటో పంపాలనిపిస్తే వాట్సాప్‌లో మీ నంబరుకి మీరే పంపుకునే వీలుంది. లేదా పంపకుండా, అక్క ఏమనేదో పైకి అనండి. మీకు తెలుసు ఏమనేదో. ముప్పై ఏళ్ళు విన్నారు. ఉత్తరంలో ఆవిడ మాటలు రాసిన రెండు చోట్లా నాకే నవ్వొచ్చింది, అంత స్పష్టంగా వినిపించాయి.

ఆ నాలుగు కుర్తాల గురించి కంగారు వద్దు, కావాలంటే ఇంకొన్నాళ్ళు వేసుకోండి. కానీ నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, ఆఫీసు పని చేయలేకపోవడం, బతకాలనిపించకపోవడం లాంటివి ఉంటే అది చీరలతో తీరే విషయం కాదు. 14416 కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు.

ఇప్పుడు ఆ పిల్ల సంగతి. మీ ఉత్తరం మీరే ఇంకోసారి చదవండి. అమ్మ వాయిలు చీర కత్తిరించి ఓణీ కుట్టుకున్న అక్కని ఎంత మురిపెంగా రాశారు! కూతురు చేసింది కూడా అదేగా. పైగా మీ కోపంలో మీరు రాసిన వివరాలే ఆ పిల్ల తరఫున సాక్ష్యం చెబుతున్నాయి. అంచుని పారేయకుండా మెడకి తిప్పిందన్నారు. చేతులకి కలంకారీ వేసిందన్నారు. ప్లెయిన్ మంగళగిరికి పెడన కలంకారీ జతచేయడం మన రెండు జిల్లాల్లో ఆడవాళ్ళకి కొత్త కాదు గానీ, ఆ పిల్ల దాన్ని ఎవరి దగ్గర చూసి నేర్చుకుని ఉంటుంది? కొంగు మిగిల్చిందన్నారు. మిగిలిపోయిందా, మిగిల్చుకుందా? మంగళగిరి చీర ఒంట్లో మామూలుగా బుటాలుండవు, దాని అందమంతా అంచులోనూ కొంగులోనూ ఉంటుంది. ఆ రెండూ చెడగొట్టకుండా ఒంటి గుడ్డలోంచే కుట్టించిందంటే, కత్తెర పెట్టే ముందు చాలాసేపు ఆలోచించే ఉంటుంది. అమ్మ లేని పిల్ల, అమ్మ చీర ఒంటి మీద వేసుకుని కొత్త కాలేజీలో అందరి ముందుకీ వెళ్ళింది. ధైర్యం కోసం వేసుకుందేమో. అడిగితే తెలుస్తుంది.

ఆ చీర మీకు ఎందుకంత ముఖ్యమో కూడా నాకు అర్థమవుతోంది. అది మీరిద్దరూ కలిసి కొన్న ఆఖరి చీర. కానీ ఆ సంగతి ఆ పిల్లకి తెలుసా? మీరు చెప్పినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు.

మీ ముందు రెండు మూడు దారులున్నాయి. కాలం గడిస్తే అదే సర్దుకుంటుందని ఊరుకోవచ్చు. సర్దుకుంటుంది కూడా, కానీ ‘పిన్నికి చెబితే తిడుతుంది’ అన్నది ఆ పిల్ల మనసులో ఉండిపోతుంది. రేపు ప్రేమ, పెళ్ళి, ఒంట్లో నలత, ఏది వచ్చినా మీ దగ్గరికి రాదు. ఫోన్లో సారీ చెప్పొచ్చు. తేలికైన పని, కాకపోతే ఆ వయసు పిల్లలు ‘పర్లేదు పిన్నీ’ అని రెండు మాటల్లో ముగించేస్తారు, లోపలి మాట బయటికి రాదు. మూడోది, గుంటూరు వెళ్ళి ఎదురుగా కూర్చుని, అన్న మాట తప్పని ఒప్పుకుని, ఆ చీర కొన్న రోజు కథంతా చెప్పడం. ఆ పిల్ల ఎదురు తిరిగి నాలుగు మాటలు అనొచ్చు. ‘అమ్మ పోయాక నువ్వు ఎన్నిసార్లు వచ్చావు’ అని అడిగినా అడగొచ్చు. అది వినడానికి సిద్ధపడే వెళ్ళండి. నాకైతే మూడోదే మంచిదనిపిస్తోంది, మీ ఓపిక మీకు తెలుసు. వెళ్ళినప్పుడు ఆ డ్రెస్ వేసుకుని చూపించమని అడగండి. బాగా కుదిరితే బాగుందనండి, భుజం దగ్గర కుట్టు బాగాలేకపోతే అదీ చెప్పండి. అబద్ధపు మెచ్చుకోళ్ళు ఆ ఇంట్లో ఎప్పుడూ చెల్లినట్టు లేవు.

బీరువా విషయంలో కాస్త కఠినంగా ఉండే మాట చెప్పాలి. ఆ చీరలు మీవి కావు. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం విల్లు రాయకుండా పోయిన స్త్రీ ఆస్తి ముందు పిల్లలకీ భర్తకీ చెందుతుంది. చీరలైనా నగలైనా అంతే. వాళ్ళుండగా తోబుట్టువు వరుస రాదు. చీరల కోసం ఎవరూ కోర్టుకి వెళ్ళరు, నాకు తెలుసు. కానీ ‘బావ ఇచ్చేస్తానంటున్నాడు’ అనే మీ కోపం సగం దీంతోనే తగ్గాలి. ఆయన మీకు ముందు అడిగే అవకాశం ఇచ్చారు, ఇవ్వకపోయినా కాదనేవాళ్ళు లేరు. ఇంకో సంగతి. మీరు ఆ బీరువాని గుంటూరు వెళ్ళినప్పుడే చూస్తారు. ఆయన రోజూ రాత్రి దాని ఎదురుగానే పడుకుంటున్నాడు.

ఆశ్రమానికి ఇచ్చేస్తే మంచిదే, ఎవరికో ఒంటి మీదకి గుడ్డ వస్తుంది. కానీ ఒకసారి ఇచ్చాక వెనక్కి అడగలేం, ఆ పిల్లకి ఇరవై అయిదేళ్ళొచ్చి అమ్మ పట్టుచీర కావాలనిపించే రోజుకి అది ఎక్కడుంటుందో తెలియదు. మొత్తం మీరే తెచ్చేసుకుంటే మీ ఇల్లు అక్క గోదాము అవుతుంది, అక్కడ ఆ పిల్లకి తల్లి తాలూకు ఏమీ మిగలదు. నన్నడిగితే, బీరువా తాళం ఆ పిల్ల చేతిలో ఉండాలి. ముందు తను ఎంచుకోవాలి, తర్వాత మీరు, మీ అమ్మగారు. మిగిలినవి బావగారి ఇష్టం. ‘పాత పట్టుచీరలు కొంటాం’ అని వీధిలో అరుచుకుంటూ వచ్చేవాళ్ళకి మాత్రం తొందరపడి వేయొద్దని చెప్పండి. వాళ్ళు కొనేది జరీలో వెండి కోసం, చీరని కాల్చేసి వెండి తీసుకుంటారు. అది తెలిసి ఇస్తే వేరే సంగతి.

ఎంచేటప్పుడు ముగ్గురూ కలిసి కూర్చోండి, ఒక్క రోజులో ముగించాలనుకోకండి. ప్రతి చీరనీ పూర్తిగా విప్పి, పగటి వెలుతురులో ఎత్తి పట్టుకుని చూడండి. పట్టు మడత పడ్డ చోటే పిగులుతుంది. మడతల వెంబడి పిగిలిపోయిన చీరని ఎంత దాచినా కట్టుకోవడానికి పనికిరాదు, కుచ్చిళ్ళు దోపగానే చిరుగుతుంది. కత్తెర పెట్టాలంటే అలాంటివాటి మీదే పెట్టాలి. అంచు, కొంగు గట్టిగా ఉంటే ఓణీకి, దుపట్టాకి, జాకెట్ చేతులకి వస్తాయి. చీర అయిదున్నర మీటర్లుంటుంది కాబట్టి మంగళగిరి నూలుచీరలో ఒక కుర్తా తీసినా, కొంగువైపు దుపట్టాకి సరిపడా మిగులుతుంది. బాగా మెత్తబడిపోయిన వాయిళ్ళు, నూలుచీరలు బొంత కుట్టించుకోవడానికి బాగుంటాయి. మన అమ్మమ్మలు చేసిందే, ఇవాళ దాన్నే ఫ్యాషన్ అని వేలకి అమ్ముతున్నారు. గట్టిగా ఉన్న పట్టుచీరల జోలికి మాత్రం ఇప్పుడే కత్తెర పోనివ్వకండి. చీరని ఎప్పుడైనా గౌను చేయొచ్చు, గౌనుని మళ్ళీ చీర చేయలేం. ఆ పిల్లకి ఇలా చెబితే వింటుంది, ఇది బట్ట తెలిసినవాళ్ళ మాట కాబట్టి. ‘అది మీ అమ్మే’ అంటే వినదు.

దాచేవాటిని ప్లాస్టిక్ కవర్లలోంచి తీసేయండి, చెమ్మ పట్టి జరీ నల్లబడుతుంది. పాత తెల్ల నూలుగుడ్డలో చుట్టి, మూడు నాలుగు నెలలకోసారి విప్పి మడత మార్చి పెట్టండి. కలరా ఉండలు జరీకి తగలనివ్వొద్దు. సెంటు అసలే కొట్టొద్దు. అక్క వాసన ఉన్న చీర ఏదైనా ఉంటే అది ఒక్కటీ ఉతక్కుండా, కట్టకుండా వేరుగా పెట్టుకోవడంలో తప్పు లేదు. చెమట మరకలు కొన్నేళ్ళకి గుడ్డని తినేస్తాయి, ఆ ఒక్కదానికీ అది తెలిసే ఒప్పుకోవాలి.

ఇక ధర్మవరం చీర. అమ్మగారిది మూఢనమ్మకం అని మీరు రాశారు. కొంత అదీ ఉండొచ్చు. కానీ పెళ్ళి హడావిడిలో తలెత్తి చూసేసరికి పెద్దకూతురి చీర నడిచి వస్తుంటే, ముఖం దగ్గరికి వచ్చేదాకా ఆవిడకి ఒక్క క్షణం ఏమనిపిస్తుంది? ఆవిడ భయం శకునం గురించే అనుకోకండి. అందరి ముందూ కుప్పకూలిపోతానేమోనని కూడా కావచ్చు, దానికి శకునం అని పేరు పెట్టి ఉండొచ్చు.

మీరు కట్టుకోవచ్చు. అక్కకి నచ్చే పనే అని మీకు నమ్మకం ఉంటే, చెప్పకుండా కట్టుకుని వెళ్ళొచ్చు కూడా. అప్పుడు ఆ పెళ్ళిలో జనం మాట్లాడుకునేది ఆ చీర గురించే అవుతుంది, పెళ్ళికొడుకు తల్లికి కూడా ఇబ్బంది. కట్టుకోకుండా మానేస్తే గొడవ ఉండదు, మీలో కినుక మిగులుతుంది. మధ్యలో ఒక దారి ఉంది. ముందు సంక్రాంతి వస్తోంది. మన వైపు చాలా ఇళ్ళల్లో పెద్దలకు బట్టలు పెట్టే ఆచారం ఉంది కదా. పోయినవాళ్ళ ఫోటో ముందు కొత్త బట్టలు పెట్టి, దణ్ణం పెట్టుకున్నాక వాటిని ఇంట్లోవాళ్ళే కట్టుకుంటారు. ముత్తైదువగా పోయినవాళ్ళకైతే చీరతో పాటు పసుపు కుంకుమ, గాజులు, పూలు పెడతారు. పోయినవాళ్ళకి పెట్టిన చీర ఇంటి ఆడపిల్ల కట్టుకోవడం అరిష్టం కాదని ఆ ఆచారమే చెబుతోంది, మీరు అమ్మగారితో వాదించనక్కర్లేదు. ఈ సంక్రాంతికి అక్కకి ఒక కొత్త చీర పెట్టండి, ఎంపిక మీ మేనకోడలిని… కాదు, మీ అమ్మాయినే చేయనివ్వండి, పిన్నికి అక్క కూతురు కూతురేగా. దాని పక్కనే ధర్మవరం చీర కూడా పెట్టి, ఆ రోజు ఇంట్లో మీరు కట్టుకుని అమ్మగారికి కనిపించండి. ఆవిడ ఏడుస్తుంది, మీరూ ఏడుస్తారు. ఇంట్లో ఏడిస్తే ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు. మాఘం వచ్చేసరికి ఆవిడ కళ్ళకి ఆ చీర మీ ఒంటి మీద కొంత అలవాటు పడుతుంది. అప్పటికీ వద్దంటే ముహూర్తానికి మానేసి రిసెప్షన్‌కి కట్టుకోండి. రిసెప్షన్‌కీ వద్దంటే ఈ పెళ్ళికి వదిలేయండి. మన బంధువుల్లో పెళ్ళిళ్ళకి కొదవేం లేదు.

మీరు అడగని సంగతి ఒకటి, కానీ చెప్పకుండా ఉండలేను. తోడబుట్టినవాళ్ళకి రొమ్ము క్యాన్సర్ వస్తే మిగతా ఆడవాళ్ళకంటే మీకు ఆ ముప్పు దాదాపు రెట్టింపు ఉంటుంది. అక్కకి యాభై లోపే వచ్చింది కాబట్టి ఇంకాస్త జాగ్రత్త పడాలి. భయపడమని కాదు. ఒక మంచి డాక్టర్‌ని కలిసి, అక్క రిపోర్టులు చూపించి, మామోగ్రామ్ ఎప్పటి నుంచి ఎన్నాళ్ళకోసారి చేయించుకోవాలో, జన్యు పరీక్ష అవసరమా అనేది అడగండి. ఆ రిపోర్టులు ఇల్లు మారే హడావిడిలో పారేయొద్దని బావగారికి ఇవాళే చెప్పండి. రేపు ఆ పిల్లకి కూడా అవి కావాలి. చీరలకన్నా ముందు భద్రపరచాల్సిన కాగితాలవి.

టైలర్ దగ్గరికి వెళ్ళండి. ఒంటరిగా వద్దు, వీలైతే ఆ పిల్లతో వెళ్ళండి. కుట్టుకూలి బాకీ ఉంటే ఇచ్చేయండి, ఆయన మర్యాదకి వద్దంటాడు, అయినా ఇవ్వండి. కుట్టిన జాకెట్ మీకు గానీ ఆ పిల్లకి గానీ పడుతుందేమో చూసుకోండి. మంచి టైలర్లు పక్క కుట్టులో అంగుళమో రెండంగుళాలో గుడ్డ వదులుతారు కాబట్టి విప్పి వదులు చేయొచ్చు, బిగించడం ఇంకా తేలిక. ఆది జాకెట్ మాత్రం మార్చకండి. దాన్ని ఎవరు ఉంచుకోవాలన్నది మీరూ ఆ పిల్లా మాట్లాడుకోండి.

ఆఫీసులో ఆవిడకి ఏం చెప్పాలన్నది మిగిలింది. మనసు రాకపోతే మూడోసారి కూడా కాదనొచ్చు, అక్క కోసం చేసి తీరాలన్న రూలేం లేదు. చేస్తే అక్క లేని వెలితి ఆ పెళ్ళికూతురి గదిలో గట్టిగా తగులుతుంది, అది మాత్రం ఖాయం. అదే సమయంలో, మీ చేతులకి ఈ పని వచ్చునని ఏడాది తర్వాత మీకే తెలుస్తుంది. ఒప్పుకుంటే ముందురోజే కుచ్చిళ్ళు పెట్టి ఇస్త్రీ చేసి పిన్నులు పెట్టి ఉంచుకోండి, పెళ్ళిరోజు కన్నీళ్ళొచ్చినా పని ఆగదు. డబ్బు మాత్రం తీసుకోండి. అక్క పేరు మీద ఉచితంగా చేస్తానని మొదలుపెడితే ఆఫీసు మొత్తం క్యూ కడుతుంది, ఆర్నెల్లకి మీకు చీరంటేనే విసుగు పుడుతుంది. ముహూర్తం తెల్లవారుజామున అయితే రానూ పోనూ ఆటో ఖర్చు కూడా ముందే మాట్లాడుకోండి.